పెన్ను వరుసలో నీడ

కళ్లద్దాలాయన పొద్దుటి పనులన్నీ ఒక పద్ధతిలో సాగేవి. గ్యాస్ కట్టేశానా అని చూసుకోవడం, కూతురి నీళ్ల సీసా మూత బిగించి తలకిందులుగా పట్టుకుని చూడడం, ఇంటికి తాళం వేశాక దాన్ని లాగి చూడడం, మెట్లు దిగిన తర్వాత అనుమానం వచ్చి మళ్లీ ఎక్కి ఇంకోసారి లాగడం. అక్కణ్నుంచి ట్యాబ్‌ల షాపుకు పోయి, వరుసలో తన చోట నీడను వదిలిపెట్టి, పనికి వెళ్లిపోయేవాడు.

నీడను వదలడం పెద్ద విద్యేమీ కాదు. ఎండ పడేచోట నిలబడి, చెప్పులు విడిచి, మడమలు ముందు ఎత్తి, అప్పుడే నిద్రపట్టిన పసిపిల్ల పక్కనుంచి లేచినట్టు మెల్లగా వెనక్కి జరగాలి. తొందరపడితే అది కూడా లేచి వెంటబడుతుంది.

ఆ కాలంలో ఊళ్లో ఎవర్ని కదిపినా పెన్ను మాటే. ట్యాబ్ మీద గీయడానికి కొత్తగా వచ్చిన పెన్ను అది. నొక్కితే గీత లావవుతుంది, వంచితే పెన్సిల్ పక్కతో రుద్దినట్టు మసకపడుతుంది. షాపుల్లో ట్యాబ్‌లు గుట్టలుగా పడున్నాయిగానీ పెన్ను మాత్రం కనబడదు. గిరాకీ తాము అనుకున్నదానికన్నా ఎక్కువగా ఉందని కంపెనీవాళ్లు వినయంగా చెప్తున్నారు. షాపు ముందున్న గార్డు అంత వినయం పెట్టుకోకుండా “లేదు, వచ్చే వారం” అని చెప్తున్నాడు. మొదట్లో జనమే నిలబడ్డారు. ఎవరి ఉద్యోగాలు వాళ్లకున్నాయి కాబట్టి తర్వాత నీడల్ని నిలబెట్టారు. ఏ నీడ ఎవరిదో, దేని వెనక ఏదుందో గార్డుకు నోటికి వచ్చు. ఆయన కళ్లు గప్పి ముందుకు జరిగిన నీడ ఒక్కటీ లేదు. మధ్యాహ్నం అయ్యేసరికి నీడలన్నీ కురచైపోయి వరుస చిన్నగా కనిపించేది. కొత్తగా వచ్చినవాళ్లు తమ అదృష్టం బాగుందనుకుని సంబరపడేవాళ్లు. సాయంత్రానికి అవే నీడలు సాగి సాగి, ఒకదాని మీద ఒకటి పడి, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న మందుల షాపు గోడ ఎక్కేవి.

చాలామంది రాత్రిళ్లు కూడా వాటిని అక్కడే ఉంచేవాళ్లు. కళ్లద్దాలాయన మాత్రం మంచుకు తడుస్తుందని రోజూ సాయంత్రం ఇంటికి తీసుకుపోయేవాడు. “నీడకు జలుబు చేస్తుందా సార్?” అని గార్డు ఏడిపించేవాడు. “చేసినా అది చెప్పదు కదయ్యా,” అనేవాడు ఈయన.

ఆయన పని కళ్లజోళ్ల షాపు వెనక గదిలో. అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం. అద్దాన్ని దీపానికెత్తి ఎక్కడైనా గీత పడిందా అని చూసీ చూసీ, లోకంలో ప్రతిదాన్నీ అలాగే దీపానికెత్తి చూడడం అలవాటైపోయింది. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని కూతురి కుర్చీ వెనక నిలబడేవాడు. ఆ అమ్మాయి బొమ్మలు వేస్తుంది. ఎంత పెద్ద కాగితమిచ్చినా ఒక మూల బొటనవేలంత బొమ్మ వేసి ఊరుకుంటుందని వాళ్లమ్మ పిచ్చుక అని పేరుపెట్టింది.

పిచ్చుకకు బొమ్మల కాలేజీ ప్రవేశ పరీక్ష దగ్గరపడుతోంది. ఈ ఏడాది నుంచి ఆ పరీక్ష ట్యాబ్‌ల మీదే. ట్యాబ్ వాళ్లే ఇస్తారట, పెన్ను ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలట. అందుకే కళ్లద్దాలాయనకు ఆ పెన్ను అన్నం నీళ్లంత అవసరమైపోయింది. ఇంట్లో ఉన్న పాత ట్యాబ్ మీద ఆ పిల్ల వేలితో గీస్తూ ఉంటే ఆయన వెనకనుంచి వంగి చూసేవాడు. తిట్టేవాడు కాదు, గట్టిగా మాట్లాడేవాడు కూడా కాదు. “ఆ గీత కొంచెం వంకరపోయిందేమో చూడమ్మా,” అనేవాడు. కాసేపాగి “తొందరేం లేదులే,” అనేవాడు. మళ్లీ కాసేపాగి “టైం చూసుకుంటున్నావా?” అనేవాడు. ఆయన వంగినంత మేరా ఆయన నీడ వంగి ఆ అమ్మాయి చేతిమీద, గీత మీద, గీయబోయే చోటు మీద కూడా పడేది. ఆమె ట్యాబ్‌ను కొద్దికొద్దిగా పక్కకు జరుపుకునేది. నీడ కూడా జరిగేది. పెన్ను వస్తే అన్నీ సర్దుకుంటాయని ఆయన అనుకున్నాడు.

ఒకరోజు సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. షాపు ముందు కాలువ పొంగుతుందని, ఎవరి నీడలు వాళ్లు తీసుకుపొమ్మని, పొద్దున్నే తెచ్చి మళ్లీ అదే చోట పెట్టుకోవచ్చని గార్డు కేకలేశాడు. ఊరంతా ఒక్కసారే వచ్చి పడింది. వెలుతురు సరిగా లేక నీడలు నీళ్లు కలిపిన సిరాలా పలచబడి ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. జనం గొడుగులు పట్టుకుని ఒకర్నొకరు తోసుకుంటూ దొరికిన నీడల్లోకి ఎక్కారు. కళ్లద్దాలాయన తన చోట కనబడ్డ నీడలో కాళ్లు పెట్టి, చెప్పులు తొడుక్కుని, వాన పెద్దదయ్యేలోపు ఇంటికి చేరుకున్నాడు.

తలుపు తీసిన భార్య ఆయన వెనక గోడ వైపు చూసి, “అదేంటండీ, తలమీద కొప్పు మొలిచింది?” అంది.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. గోడమీదున్నది ఆయన నీడ కాదు. ఎవరో ఆడమనిషి. కొప్పు ముడి, వెడల్పాటి భుజాలు. ఒక చెయ్యి నడుంమీద వేసుకుని గోడకు జారగిలబడి ఉంది. రెండో చేతిలో ఏదో పొట్లాం పట్టుకుని ఊరికే గాలిలో సున్నాలు చుడుతోంది. ఎవరిదో వస్తువు చెప్పకుండా ఇంటికి తెచ్చుకున్నట్టయింది. ఇప్పుడే వెళ్లి ఇచ్చొస్తానని గొడుగందుకున్నాడు. షాపు మూసేశారని, వానలో ఎవరింటికని వెళ్తారని భార్య ఆ గొడుగు లాక్కుని మూలపెట్టింది.

ఇక చేసేదేమీ లేక అలవాటు ప్రకారం కూతురి వెనక నిలబడ్డాడు. ఆయన వంగాడు, నీడ వంగలేదు. అది అలాగే గోడకు ఆనుకుని, కూనిరాగం తీస్తున్నదానిలా తల కొద్దిగా ఊపుతూ నిలబడింది. పిచ్చుక ఒకసారి దాన్ని చూసి, ట్యాబ్ తన ముందుకు లాక్కుని గీయడం మొదలుపెట్టింది. వంతెన గీసింది. వంతెన కింద నీళ్లు, నీళ్లలో పడవ, పడవలో నిద్రపోయే మనిషి, ఆ మనిషి టోపీ మీద వాలబోతున్న కొంగ. గీత మూలనుంచి బయల్దేరి ట్యాబ్ అద్దం ఈ చివరనుంచి ఆ చివరకు పోయింది. పడవ అంచు దగ్గర వంకరపోయింది కూడా. ఆయన నోరు తెరిచి, నీడ వైపు చూసి, మూసేశాడు.

బొమ్మ అయ్యాక పిచ్చుక ఒళ్లు విరుచుకుని, “నాన్నా, ఇవాళ నువ్వు నా వెనక ఉన్నట్టే లేదు,” అంది. మెచ్చుకోలుగానే అంది.

ఆయన ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

పొద్దున్నే అందరికన్నా ముందు షాపు దగ్గరికి పోయాడు. కాసేపటికి బేకరీలో కేకులమీద పువ్వులు, అక్షరాలు వేసే ఆవిడ వచ్చింది. వరుసలో ఆవిడ చోటు ఈయన వెనకే. ఆవిడ కాళ్ల దగ్గర్నుంచి ఒక మగనీడ మెడ ముందుకు సాచి, రోడ్డుమీద పారేసుకున్నదేదో వెతుకుతున్నట్టు వంగి నడుస్తోంది. దాన్ని చూడగానే కళ్లద్దాలాయనకు సిగ్గేసింది. తనను వెనకనుంచి తానెప్పుడూ చూసుకోలేదు.

క్షమించమని ఆయనంటే, పొరపాటు నాదేనని ఆవిడంది. ఎవరి పొరపాటో తేల్చుకునేలోపే సరుకు వ్యాను వచ్చి ఆగింది. అన్నాళ్లూ రాని పెన్నులు ఆ పొద్దున వచ్చాయి, అవి కూడా ఒక్క పెట్టె. జనం కలకలమంటూ ఎవరి చోట వాళ్లు నిలబడబోయారు. గార్డు కర్ర తిప్పుతూ అందర్నీ నీడల వరుసలో పెట్టుకుంటూ వచ్చాడు. కేకులావిడను ముందుకు, కళ్లద్దాలాయనను ఆవిడ వెనక్కు జరిపాడు. నీడలు మారాయని ఇద్దరూ మొత్తుకున్నారు. “మొహాలు చూడడం మొదలుపెడితే నా పని అయిపోతుంది. నాకు నీడే లెక్క,” అన్నాడు. వరుస ముందుకు సాగింది. కేకులావిడ చేతిలో పెన్ను పెట్టి, ఖాళీ పెట్టెను తలకిందులు చేసి చూపించి, “వచ్చే వారం,” అన్నాడు.

కళ్లద్దాలాయన ఆ ఖాళీ పెట్టెలోకి తొంగిచూశాడు. పరీక్షకు పట్టుమని పది రోజులు లేవు.

“ఇది మీ నీడకొచ్చిన పెన్ను అన్నయ్యగారూ. తీసుకోండి,” అంటూ కేకులావిడ ఆ డబ్బా ఆయన చేతిలో పెట్టబోయింది.

“డబ్బు కట్టింది మీరు కదమ్మా. నేనెలా తీసుకుంటాను?”

“చోటు మీది. నేనెలా ఉంచుకుంటాను?”

ఆవిడకూ పెన్ను అవసరం తక్కువేం కాదు. బేకరీలో ఈమధ్య కేకు బొమ్మను ముందు ట్యాబ్ మీద గీసి చూపిస్తేనే జనం ఆర్డరిస్తున్నారు. ఈవిడ వేలితో హంసను గీస్తే బాతులా వస్తోంది. బాతు బొమ్మ ఉన్న పెళ్లి కేకు మాకొద్దని ఒక పెళ్లివారు లేచిపోయారు కూడా. ఇంకొకటి అలా జరిగితే తనను పిండి కలిపే పనిలోకి పంపిస్తామని ఓనరు చెప్పాడట. ఇదంతా నవ్వుతూనే చెప్పింది. చెప్పి మళ్లీ డబ్బా ఆయన వైపు జరిపింది. ఆయన ఆవిడ వైపు జరిపాడు. షాపు మెట్లమీద ఆ డబ్బా అటూ ఇటూ తిరగడం చూసి చూసి గార్డుకు విసుగొచ్చింది.

“పగలు ఆవిడ, సాయంత్రం మీ పాప వాడుకుంటే అదేమన్నా సబ్బుబిళ్లా సార్, అరిగిపోడానికి?” అన్నాడు.

ఆ మాట ఇద్దరికీ నచ్చింది. సాయంత్రం పని నుంచి వస్తూ ఆయన బేకరీ దగ్గర తీసుకునేట్టు, పొద్దున వెళ్తూ ఇచ్చేట్టు, పరీక్ష రోజు మాత్రం పొద్దుటినుంచీ పాప దగ్గరే ఉండేట్టు ఒప్పందం కుదిరింది. ఇక నీడలు మార్చుకోవాలి. ఇద్దరూ ఎండలోకి వచ్చి చెప్పులు విడిచారు. కేకులావిడ మడమలెత్తి, మళ్లీ దించేసింది.

“ఇంకొక్క మాట. ఏమనుకోకపోతే, ఈ నీడను కొన్నాళ్లు నా దగ్గరే ఉండనిస్తారా?”

వాళ్ల నాన్న బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. కొన్నాళ్లుగా ఆయనకు మతి నిలకడగా ఉండడం లేదు. ఆవిడ పనికి రాగానే డ్యూటీకి టైమైందని ఇంట్లోంచి బయల్దేరిపోతాడు. ఒకసారి డిపో దగ్గర, ఒకసారి ఊరి బయట వంతెన దగ్గర దొరికాడు. తలుపు బయట గడియ పెడితే లోపల్నుంచి బాదుతాడు. గడియ పెట్టలేక, పెట్టకుండా ఉండలేక ఆవిడ సతమతమవుతోంది. నిన్న సాయంత్రం గోడమీద ఈ నీడ కనబడగానే ఆయన వెళ్లి దాని పక్కన కూర్చున్నాడట. పడుకునేదాకా అక్కణ్నుంచి లేవలేదట.

“పగలంతా దాన్ని మా ఇంట్లో వదిలిపెట్టి పనికి వెళ్లొచ్చు కదా అని,” అంది. “మీకు ఇబ్బందైతే వద్దులెండి.”

కళ్లద్దాలాయన వంగి తన చెప్పుల దుమ్ము దులిపాడు. తను కూడా అదే అడగాలనుకుని, ఏ మొహంతో అడగాలో తెలియక ఊరుకున్న సంగతి బయటపెట్టలేదు. “ఉంచుకోండమ్మా, దాందేముంది,” అని చెప్పులు తొడుక్కున్నాడు.

ఆ రోజునుంచి పెన్ను రెండిళ్లమధ్య తిరిగింది. కొన్నిసార్లు దాని మూతకు కొద్దిగా క్రీమ్ అంటుకుని ఉండేది. పిచ్చుక దాన్ని నాకి, ఇవాళ వెనిలా, ఇవాళ కాఫీ అని చెప్పేది. కేకులావిడ హంసలు హంసల్లా కనబడ్డం మొదలుపెట్టాయి. ఇక్కడ పిచ్చుక గీసిన బొమ్మల్లో జనం, చెట్లు, వానలో ఆగిపోయిన బస్సులు కిక్కిరిసి ఉండేవి. కళ్లద్దాలాయన మొదటి రెండు రోజులు ఆ నీడను వంచాలని చూశాడు. నడుం నొప్పి పుట్టేదాకా వంగాడు. అది గోడకు జారగిలబడి తన మానాన తను క్రీమ్ సున్నాలు చుట్టుకుంటూ ఉండేది. చివరికి కుర్చీ తెచ్చుకుని ఆయన కూడా కూర్చున్నాడు. కూర్చుని ఏం చేయాలో తెలియక పెసరపప్పులో రాళ్లు ఏరాడు. రాళ్లు అయిపోతే బియ్యం తెచ్చుకున్నాడు.

కానీ పరీక్ష రేపనగా ఆయనకు మనసు నిలవలేదు. రేపు ఆ పిల్ల కొత్త చోటికి, కొత్తవాళ్లమధ్యకు వెళ్తోంది. ఇలాంటప్పుడు కన్నతండ్రి నీడ పక్కన లేకుండా, ఎవరిదో నీడ తోడిచ్చి ఎలా పంపడం? ఏదైనా తేడా వస్తే ఆ తప్పు ఎవరిది? మధ్యాహ్నం పని ఆపి, కడుపునొప్పని అబద్ధం చెప్పి, కేకులావిడ ఇంటికి బయల్దేరాడు. నీడ తన సొంతం. అడిగి తెచ్చుకోవడంలో తప్పేం లేదని దారంతా తనకు తాను నచ్చచెప్పుకున్నాడు.

తలుపు తీసే ఉంది. ముందుగదిలో బెంచీ మీద ఇస్త్రీ మడత నలగని ఖాకీ చొక్కా వేసుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. ఆయన పక్కన గోడమీద తన నీడ. మెడ సాచి, కిటికీవైపు వంగి, కళ్లు చిట్లించినట్టు తల ముందుకు పెట్టి ఉంది.

“లోపలికి జరగండి సార్, ఫుట్‌బోర్డ్ మీద నిలబడకండి,” అన్నాడు ముసలాయన.

కళ్లద్దాలాయన గబుక్కున గుమ్మం దాటి లోపలికి జరిగాడు. ఎదురు బెంచీ చూపిస్తే కూర్చున్నాడు. ఏం చెప్పాలో అని వెతుక్కుని, నీడ వైపు చూపించి, “ఈయన ఎక్కడిదాకా అండీ?” అనడిగాడు.

“చెప్పడు. పాపం, భయం.” కండక్టరు గొంతు తగ్గించాడు. “పొద్దుటినుంచీ ఇలాగే వంగి రోడ్డు చూస్తున్నాడు, తన స్టాపు దాటిపోతుందేమోనని. ఇలాంటివాళ్లు ప్రతి ట్రిప్పులో ఒకరుంటారు. కునుకు తీయరు, కబుర్లు చెప్పరు, పక్కవాడు అరటిపండిచ్చినా తినరు. నేను చెప్తాను, నిశ్చింతగా కూర్చోండని చెప్తూనే ఉన్నాను. ఈయన్ను ఇలా వదిలేసి నేను దిగిపోతే ఏం బాగుంటుంది చెప్పండి?”

“బాగుండదు,” అన్నాడు కళ్లద్దాలాయన.

“అందుకే ఇంకో ట్రిప్పు ఉంటున్నా. ఆయన స్టాపు రాగానే చెప్పి, దింపి, అప్పుడు వెళ్తా.” ముసలాయన చెయ్యి చాచి గోడమీద నీడ భుజాన్ని తట్టాడు. “రాలేదు సార్. ఇంకా రాలేదు. వచ్చినప్పుడు నేను చెప్తా కదా.”

ఆ చెయ్యి తగిలినచోట నీడ భుజం కొద్దిగా కిందికి దిగింది. అది చూస్తున్న కళ్లద్దాలాయన భుజాలు కూడా దిగాయి. ఎన్నేళ్లనుంచి అవి చెవుల దగ్గర ఉన్నాయో ఆయనకే తెలియదు. చాలాసేపు ముగ్గురూ కిటికీలోంచి బయటకు చూస్తూ ప్రయాణం చేశారు.

“మీరు ఎక్కడ దిగుతారు?” అని కండక్టరు అడిగాడు.

ఆయన లేచి నిలబడ్డాడు. “నేను ఇక్కడే దిగిపోతానండి.”

“హోల్డాన్!” అని గట్టిగా అరిచాడు ముసలాయన. కళ్లద్దాలాయన జాగ్రత్తగా గుమ్మం దిగాక, తలుపు చెక్క మీద టపటపా చరిచి “రైట్, రైట్,” అన్నాడు.

మర్నాడు పిచ్చుక పెన్ను తీసుకుని పరీక్షకు వెళ్లింది. ఆయన పరీక్ష హాలు మెట్లమీద కూర్చోకుండా, గేటు దగ్గర నిలబడకుండా, తన పనికి వెళ్లి అద్దాలు అరగదీసుకున్నాడు. వాటిలో ఒకటి పగలగొట్టాడు. నెల తిరక్కుండా ఫలితాలొచ్చాయి. పిచ్చుక పేరుంది. ఆ పాటికి పెన్నులు షాపు నిండా వచ్చి పడ్డాయి. గార్డును అడిగేవాళ్లే లేరు. రెండిళ్లవాళ్లూ చెరో పెన్ను కొనుక్కున్నారుగానీ నీడల మాట ఎవరూ ఎత్తలేదు.

బొమ్మల కాలేజీ వేరే ఊళ్లో. పిచ్చుకను రైలెక్కించడానికి అమ్మానాన్నలిద్దరూ స్టేషనుకు వచ్చారు. కళ్లద్దాలాయన సామాను సీటుకింద పెట్టి, నీళ్ల సీసా ఇచ్చి, చెప్పాలనుకున్న జాగ్రత్తల్లో సగం చెప్పి కిందికి దిగాడు. సాయంత్రం ఎండ ప్లాట్‌ఫారం మీద ఏటవాలుగా పడుతోంది. రైలు కూతేసింది.

“మీకొకటి చెప్పలేదు,” అంది భార్య, కిటికీవైపే చూస్తూ. “ఆ వాన పడ్డ రోజు పొద్దున్నే పిచ్చుక నాతో అంది, పరీక్ష రాయనని. మీకు నన్నే చెప్పమంది. సాయంత్రం మీరొచ్చాక చెబ్దామని ఆగాను. మీరు ఆ కొప్పుతో వచ్చారు.”

రైలు కదిలింది. కిటికీలోంచి పిచ్చుక చెయ్యూపింది. ఆయన ప్రాణం ఉన్నపళాన ఆ పెట్టె వెంట పరిగెత్తబోయింది. తన నీడే అయితే ఈపాటికి మెట్లెక్కి, జనాన్ని తోసుకుని, ఆ పిల్ల భుజంమీదినుంచి కిటికీలోకి వంగి ఉండేది. ఆయన ఒక్క అడుగు వేశాడు. రెండోది పడలేదు. నీడ ప్లాట్‌ఫారం స్తంభానికి జారగిలబడి, నడుంమీద చెయ్యి వేసుకుని, ఆయన మడమలు పట్టుకుని అక్కడే ఉంది. దాని రెండో చెయ్యి మెల్లగా పైకి లేచి ఊగింది. ఆయన చెయ్యి కూడా దానివెంటే లేచింది.